అమాస సెలవు రద్దు చేసినవాణ్ణి

పోయిన నెల మా మేనకోడలు కామారెడ్డి నుంచి వచ్చి, చాయ్ గ్లాసు చేతిలో పట్టుకొనే అడిగింది. "మామా, నువ్వు పర్మనెంటు నౌకరీ ఎట్ల ఇడిసిపెట్టినవ్? భయం కాలేదా?"

ఆమెది బ్యాంకు ఉద్యోగం. దాన్ని మానేసి సొంతంగా ఏదో పెట్టాలని ఉంది. ఏం పెట్టాలో ఇంకా తేలలేదు. మానేయాలని మాత్రం తేలిపోయింది. ఆ రోజు ధైర్యం గురించి నాలుగు గొప్ప మాటలు చెప్పి పంపించాను. ఆమె బస్సెక్కాక నాకే సిగ్గేసింది. ఆ నాలుగు మాటలు ఏ గోడ మీదైనా రాసి ఉంటాయి. వాటి కోసం ఆమె ఎల్లారెడ్డి దాకా రానక్కర్లేదు.

నేను పదమూడేండ్లు కామారెడ్డిలో ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే ఒక కేంద్రంలో పర్మనెంటు ఉద్యోగిని. ఆ తరవాత ఇరవై ఏండ్లకు పైగా ఎల్లారెడ్డిలో మోటర్ వైండింగ్ దుకాణం నడిపాను. నిరుడు మానేశాను. ధైర్యం సంగతి నాకు పెద్దగా తెలియదు. చేసిన ఒక తప్పు సంగతి మాత్రం బాగా తెలుసు. సొంత పని పెట్టుకోబోయే వాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుందనుకుంటాను. కాబట్టి దాన్నే రాస్తున్నాను.

నిమ్మకాయ

మా రిపేరు కేంద్రం ఒక పెద్ద రేకుల షెడ్డు. యాసంగి, అదే రబీ పంట, మొదలైందంటే కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు ట్రాక్టర్ల మీద వరస కట్టేవి. వాటితో వచ్చిన రైతులు సద్దిమూటలు పక్కన పెట్టుకొని గేటు బయట కూర్చునేవాళ్లు. లోపల వేడెక్కిన ఆయిలు, వార్నిషు, కాలిన కాగితం కలిసిన వాసన. ఇప్పటికీ ఏ కరెంటు స్తంభం దగ్గరైనా ఆ వాసన తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి. ఇంట్లో వాళ్లు నవ్వుతారు. కొందరికి మల్లెపూలు, నాకు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు.

మా అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు, పని తెలిసిన మనిషి. అయినా బాగుచేసిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు పరీక్ష కోసం కరెంటు ఇచ్చే ముందు దాని మీద నిమ్మకాయ కోసేవారు. ఆ నిమ్మకాయ తెచ్చే పని నాది.

ఆ రోజుల్లో నేను రెండు వారాలకొకసారి ఆదివారం పూట ఒక చర్చా గోష్ఠికి వెళ్లేవాణ్ణి. కామారెడ్డిలో ఒక దర్జీ దుకాణం పైన చిన్న గది. పది పదిహేను మందిమి చాపల మీద కూర్చొని మహిమల గురించి, ముహూర్తాల గురించి, కులం గురించి గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్లం. ఆ గది నాకు 'ఎందుకు?' అని అడగడం నేర్పింది. ఆ ప్రశ్నను అప్పుడప్పుడు తనవైపు కూడా తిప్పుకోవాలని మాత్రం అక్కడ ఎవరూ నేర్పలేదు.

ఒకరోజు నిమ్మకాయ తేలేదు.

"విఠల్, నిమ్మకాయ ఏది?" అన్నారు ఏఈ గారు.

"తేలేదు సార్. ఇన్సులేషన్ కొలిచి చూసిన. బాగుంది. బాగుంటే నిమ్మకాయ అక్కర్లేదు. బాగ లేకుంటే బస్తెడు కోసినా పేలుతది."

షెడ్డంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "పేలితే?"

"నౌకరీ ఇడిసిపెడ్త సార్."

పేలలేదు. అప్పుడు ఆయన నవ్వారు. "పేలలేదు కదా, ఇంక నౌకరీ చేసుకో పో" అన్నారు. ఆనాటి నుంచి రోజూ అదే వేళాకోళం: "ఏం విఠల్, ఇవ్వాళ నిమ్మకాయా, రాజీనామానా?"

ఏడాది భరించాను. ఆ తరవాత నిజంగానే కాగితం తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. రైతుల కోసం మానేశానని చెప్పుకోవచ్చు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల బోరు మోటర్లు కాలితే బాగుచేసేవాళ్లు లేక రైతులు తిప్పలు పడుతున్న మాట నిజమే. ఆ పని నాకు వచ్చన్న మాటా నిజమే. కానీ నన్ను కుర్చీలోంచి లేపింది ఆ రెండూ కావు, కోపం. కోపంతో మానేసిన వాళ్లు నాకు చాలామంది తెలుసు. అందరం తరవాత ఆశయాలు చెప్పుకుంటాం.

ఆ రోజు ఏఈ గారు నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. "బయటికి పోతే నీ మీద సారు ఎవడూ ఉండడు. నువ్వు తప్పు చేస్తే తిట్టేటోడు ఉండడు. అది జర చూసుకో విఠల్" అన్నారు. కుళ్లుతో అంటున్నారనుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో ఎవరైనా నాకు చెప్పిన మంచి మాట అదొక్కటే. నిమ్మకాయ కోసే మనిషి నోట వచ్చింది కాబట్టి పక్కన పడేశాను.

అమాస మంగళవారం

సాయిలు సంగతి ఇక్కడే చెప్పాలి. రిపేరు కేంద్రంలో మేం ఎనిమిది మందిమి పర్మనెంటు. మా ఎనిమిది మంది కన్నా పని తెలిసినవాడు సాయిలు. అతను కాంట్రాక్టు మనిషి. ఊరు నాగిరెడ్డిపేట దగ్గర. తెల్లవారక ముందే బస్సెక్కి కామారెడ్డి వచ్చేవాడు. నేను మానేస్తున్నానని తెలిసి, "ఎల్లారెడ్డిల పెడ్తె నేను గూడ వస్త సార్. మా ఇంటికి దగ్గరయితది" అన్నాడు. అతను వస్తానన్నాడు కాబట్టే నేను దుకాణం పెట్టగలిగాను. ఈ మాట అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు.

బస్టాండు పక్క సందులో షట్టరు దొరికింది. అమాస, అందులోనూ మంగళవారం, రాహుకాలం చూసి మరీ తెరిచాను. కొబ్బరికాయ లేదు, కుంకుమ లేదు. ఎదురుగా కిరాణం నడిపే నారాయణ సేటు రోడ్డు దాటి వచ్చాడు.

"ఏంది సారూ! అమాస మంగళారం! పెండ్లాం పిల్లలు గలోనివి, గిదేం మొండితనం?"

"సేటూ, మోటర్లు అమాస చూసి కాలుతయా?"

"మోటర్లకేం ఎరుక? మనుషులు రారు."

ఎవరూ రాలేదు. సాయిలు కూడా రాలేదు. ముందు రోజే "ఎల్లుండి పొద్దుగల వస్త సార్" అని నింపాదిగా చెప్పి వెళ్లాడు. భయపడ్డాడనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సాయిలు చెప్పినట్టే వచ్చాడు. పిట్లం నుంచి ఒక రైతు జీపులో కాలిన మోటరు వేసుకొచ్చాడు. దుకాణం ఎప్పుడు తెరిచావని అడగలేదు. మోటరు ఎప్పుడిస్తావని అడిగాడు. వారం తిరిగేసరికి వరస పెరిగింది. నారాయణ సేటు తన కొట్లో కూర్చొని చూస్తున్నాడని తెలిసి నేను కావాలనే మోటర్లు బయట అరుగు మీద పేర్చేవాణ్ణి.

ఆ మొదటి రెండేండ్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో హుషారు వస్తుంది. బోరు మోటరు చుట్టడం ఇద్దరి పని. లోపలి ఇనుప గొట్టంలో పొడవునా సన్నటి గాడులుంటాయి. అటొకరు ఇటొకరు ఎదురెదురుగా కూర్చొని, రాగితీగను ఒక గాడిలో పంపి మరో గాడిలోంచి వెనక్కి తీసుకోవాలి. ఒకరు తోస్తారు, ఒకరు అందుకుంటారు. ప్రతి చుట్టు పైకి లెక్కపెట్టాలి. సాయిలు లెక్కలో ఒక లయ ఉండేది. "పదకొండూ... పన్నెండూ..." అంటూ నాటు వేసే ఆడవాళ్ల పాటలాగా సాగదీసేవాడు. బస్టాండులో కండక్టర్ల అరుపులు, మైకులో మామిడిపండ్ల బండి, మధ్యలో మా లెక్క. ఎవరైనా పలకరిస్తే సాయిలు జవాబు చెప్పేవాడు కాదు, ఆ అంకెనే కాస్త గట్టిగా అనేవాడు. అవతలి మనిషి అర్థం చేసుకొని ఆగేవాడు.

ఆ తీగ మీద పల్చటి ప్లాస్టిక్ తొడుగుంటుంది. మోటరు నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి దాని ప్రాణమంతా ఆ తొడుగులోనే. గాడి అంచుకు రాసుకొని ఒక్క గీత పడితే చాలు, నీరు లోపలికి పోయి మోటరు కాలుతుంది. సాయిలు చేతిలో గీత పడగా నేను చూడలేదు. పదమూడేండ్ల పర్మనెంటు ఉద్యోగంలో నేను నేర్చుకోని పని ఆ రెండేండ్లలో అతని ఎదురుగా కూర్చొని నేర్చుకున్నాను.

బేరింగు చంద్రుడు

ప్రతి అమాసకు సాయిలు వచ్చేవాడు కాదు. మన దగ్గర మేస్త్రీలు, వడ్రంగులు చాలామంది అమాస నాడు పనిముట్టు పట్టరు. ఎద్దును కూడా కట్టరు. మొదట్లో పోనీలే అనుకున్నాను. మూడో యాసంగికి పని పెరిగింది. మొగులయ్య అనే ఇంకో పనివాడు కూడా చేరాడు. పని కుప్పపడి ఉండగా నెలకొకనాడు షట్టరు మూసి ఉండటం చూస్తే నాకు ఒళ్లు మండేది. అది కూడా ఏ కారణంతో? చంద్రుడు కనబడటం లేదని!

ఒకరోజు ఇద్దరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. టార్చిలైటు సూర్యుడు, పెద్ద బేరింగు భూమి, చిన్న బేరింగు చంద్రుడు. చిన్న బేరింగును పెద్దదాని చుట్టూ తిప్పి, అమాస ఎట్లా వస్తుందో, ఎందుకు వస్తుందో అరగంట చెప్పాను. మొగులయ్య నోరు తెరుచుకొని విన్నాడు. సాయిలు చిన్న బేరింగు చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు.

"దీని గోలీలు అరిగినయ్ సార్" అన్నాడు.

"సాయిలూ, నేను చెప్పింది అర్థమైందా? చంద్రుడు మనల్ని ఏం చెయ్యడు."

"ఎరుకే సార్. ఆయనేం జేస్తడు పాపం."

"మరి అమాస నాడు పనికెందుకు రావు?"

"అమాస గద సార్."

ఇంత చెప్పినా మనిషి మారలేదని జాలిపడ్డాను. ఆ నెల నుంచి అమాస సెలవు లేదని చెప్పేశాను. నా దుకాణంలో మూఢనమ్మకానికి చోటు లేదన్నాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమాస నాడు పనికొచ్చారు. నేను గెలిచాననుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. మా దుకాణానికి ఆదివారం లేదు. ఆదివారమే రైతులకు కాస్త వీలు, కాబట్టి ఆ రోజే పని ఎక్కువ. నేను మాత్రం రెండు వారాలకొక ఆదివారం బస్సెక్కి కామారెడ్డి గోష్ఠికి పోయేవాణ్ణి. దుకాణం సాయిలు చూసుకునేవాడు. ఆ గదిలో నేను నా పనివాళ్లతో అమాసను ఎట్లా మాన్పించానో చెబితే చప్పట్లు కొట్టారు. మరో ఆదివారం అదే గదిలో ఎనిమిది గంటల పనిదినం గురించి, దాని కోసం పోరాడిన కార్మికుల గురించి ఉపన్యాసం ఇచ్చాను. బాగా మాట్లాడానని అందరూ అన్నారు. నేను మాట్లాడుతున్న ఆ గంటలో ఎల్లారెడ్డిలో సాయిలు లెక్కపెడుతూ ఉన్నాడు. ఆ రెండు సంగతులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకు తట్టలేదు. ఆ గదిలో ఇంకెవరికీ తట్టలేదు.

గంగారెడ్డి మోటరు

గంగారెడ్డిది నాగిరెడ్డిపేట వైపు ఊరు. పోచారం కాలువ చివరి భూములకు నీరు సరిగా అందదు కాబట్టి బోరు మీదే వరి వేసేవాడు. పొట్టకొచ్చిన వరికి నీళ్లు పెట్టాల్సిన సమయంలో మోటరు కాలింది. తీసుకొచ్చాడు. మరునాడు అమాస. సాయిలు, మొగులయ్య కూర్చొని అమాస నాడే చుట్టారు.

మూడో రోజుకు మోటరు వెనక్కి వచ్చింది. బోరు మోటరు దించడమంటే ఆరుగురు మనుషులు పైపుకు పైపు బిగిస్తూ పొద్దంతా చేసే పని. పైకి తీయడానికి మళ్లీ అంత పని. గంగారెడ్డి ముఖం నల్లబడిపోయి ఉంది.

"అమాస నాడు చుట్టించినవట గద సారూ?"

"అమాసకూ దీనికీ సంబంధం లేదు, పటేలా. కారణం ఇప్పుడే చూపిస్తా."

ఆయన ముందే మోటరు విప్పాను. కారణం దొరికింది. గాడి మూతి దగ్గర తీగ తొడుగు మీద పొడవాటి గీత. నీరు పోయింది, కాలింది. నా మాట నిలబడింది. ఆ సంతోషంలో నేను చెయ్యకూడని పని చేశాను. గంగారెడ్డి ముందే సాయిలు మీద అరిచాను.

"కండ్లు ఎక్కడ పెట్టుకొని చుట్టినవ్?"

సాయిలు గీతను గోటితో తడిమి చూశాడు. "నా చెయ్యే సార్. తప్పయింది" అన్నాడు. వేలు తీయకుండానే, "ఇంటి పట్టున ఒక దినం కూసోక రెండమాసలు దాటినయ్ సార్" అన్నాడు.

"అదీ సంగతి! అమాస అని లోపల భయపడ్డవ్, ఆ భయానికే చెయ్యి వణికింది."

అతను నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. గీత పడిన తీగను చూసినట్టే చూశాడు. నూలు పీచుతో చేతులు తుడుచుకొని, టిఫిను డబ్బా తీసుకొని, బస్టాండు వైపు నడిచిపోయాడు. నాలుగు రోజులకు మొగులయ్య కూడా కామారెడ్డిలో పని చూసుకున్నాడు.

హేతువాదమంటే కారణం వెతకడం. మోటరు ఎందుకు కాలింది? గీత పడింది. అక్కడిదాకా వెతికాను. గీత ఎందుకు పడింది? చెయ్యి అలిసింది. చెయ్యి ఎందుకు అలిసింది? ఆ ప్రశ్న దగ్గర నా హేతువాదం టక్కున ఆగిపోయింది. ఎందుకంటే దానికి జవాబు నేను.

గంగారెడ్డి చివరి రెండు మడులు ఎండిపోయాయి. నేను మోటరు మళ్లీ చుట్టించి ఇవ్వడానికి కామారెడ్డి పట్టుకెళ్లి తెచ్చేసరికి ఆలస్యమైంది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "అమాస మోటర్ల దుకాణం" అని నాగిరెడ్డిపేట బస్సులో నాకు పేరు పడింది. గిరాకీ సన్నగిల్లింది. వచ్చిన ఒకటి రెండు మోటర్లు ఎదురుగా కూర్చునే మనిషి లేక అట్లాగే ఉండిపోయాయి. వదిలేసిన ఉద్యోగం తిరిగి రాదు. దుకాణం ఇంకో నెల కూడా నిలవదని నాకు తెలుసు.

మా ఆవిడ సుగుణ ఎప్పుడూ నా పనిలో తలదూర్చదు. అప్పుడు మాత్రం దూర్చింది.

"సాయిలును పిలుసుకరారాదు?"

"తప్పు చేసింది అతను. నేనెందుకు పోవాలె?"

"పోకు. దుకాణం మూసి మీటింగులకే తిరుగు. అక్కడ చప్పట్లన్న కొడ్తరు."

బీడీల చాట ముందు

నాగిరెడ్డిపేట బస్సెక్కాను. ఆ బస్సులో నన్ను గుర్తుపట్టినవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుకోవడం నాకు కనబడుతూనే ఉంది. దారి పొడవునా పచ్చటి వరి. గంగారెడ్డి ఎండిన మడులు ఎక్కడున్నాయోనని కిటికీలోంచి వెతికి, మళ్లీ చూపు తిప్పుకున్నాను.

సాయిలు ఇంట్లో లేడు. అతని భార్య లచ్చవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తోంది.

"కూసోండ్రి సారూ. ఆయన చేన్ల ఉన్నడు, వస్తడు. చెయ్యి ఆపి మర్యాద జేద్దమంటే నాకు తీరిక లేదు."

కూర్చున్నాను. ఆమె వేళ్లు ఆకు చుట్టి దారం కడుతూనే ఉన్నాయి. నేనే మొదలుపెట్టాను. "చెల్లె, నేను అమాస సెలవు తీసేసింది మంచికే. మూఢనమ్మకం..."

"సారూ, ఒక మాట అడుగనా? మీరు నౌకరీల ఉన్నప్పుడు ఐతారం సెలవుండెనా?"

"ఉండేది."

"గది ఎవలిచ్చిన్రు?"

"సర్కారు."

"మా ఆయన గప్పుడు గూడ మీ దగ్గరనే పనిజేసె. ఆయనకు ఐతారం ఉండెనా?"

లేదు. ట్రాన్స్‌ఫార్మర్ల లోడు వస్తే కాంట్రాక్టు వాళ్లను ఆదివారం కూడా పిలిచేవాళ్లం. లోడు రాని ఆదివారం నాకు గుర్తు లేదు.

"ఆయనకున్నది గొక్క అమాస. ఎవలు ఇయ్యలే సారూ దాన్ని. ఎవలు ఇయ్యలేదు గన్కనే ఇన్నేండ్లు ఎవలు గుంజుకోలే. మీరొచ్చి గుంజుకున్నరు. ఇగ నాకంటరా, అమాస లేదు, పున్నం లేదు. చాట దించితె కడుపు నిండదు. కనీసం ఆయనకన్న ఉండనియ్యుండ్రి."

దర్జీ దుకాణం మీది గదిలో నన్ను ఓడించినవాళ్లు లేరు. పండితులతో వాదించాను, జ్యోతిష్యులను నిలదీశాను. ఆ వాకిట్లో ఒక ఆడమనిషి బీడీ చెయ్యడం ఆపకుండా మూడు ప్రశ్నలు వేసింది. మూడింటికీ జవాబులు నాకు తెలుసు. ఆ జవాబులే నన్ను ఓడించాయి.

సాయిలు వచ్చి కాళ్లు కడుక్కొని గోడవారన కూర్చున్నాడు. తప్పు నాదని చెప్పాను. గంగారెడ్డి ముందు అరిచినందుకు క్షమించమన్నాను. ఆ తరవాత నా బుద్ధి చూపించుకున్నాను.

"అమాస వద్దు సాయిలూ. వారం వారం ఆదివారం సెలవు తీసుకో. నెలకు నాలుగు. లెక్కన చూసుకున్నా నీకే లాభం."

సాయిలు తల అడ్డంగా ఊపాడు.

"ఐతారం మీరిచ్చేది సార్. మీరిచ్చింది మీరే తీస్కోవచ్చు. యాసంగిల పని మీదపడ్తె 'ఈ ఒక్క ఐతారం రా సాయిలూ' అంటరు. మీరడిగితె నేను కాదనలేను, వస్త. ఇంకో వారం గూడ అంటరు. అమాస నాడు మళ్ల గట్ల పిలువుండ్రి సూద్దం, ఇప్పుడు ఊరికంత ఎరుక! నా దాక ఎందుకు, సేటే మీ మీదికొస్తడు. ఊరంత నా దిక్కు మాట్లాడుతది. అమాసకున్న బలం మీ మాటకు లేదు సార్."

చంద్రుడికి శక్తి లేదు. ఇప్పటికీ అదే మాట అంటాను, ఎవరొచ్చి అడిగినా. కానీ కూలివాడికి ఏ చట్టమూ కాపలా లేనిచోట వాడు తన ఒక్క రోజును యజమాని చెయ్యి అందని ఎత్తులో దాచుకున్నాడు. నేను నిచ్చెన వేసుకొని ఎక్కి, అక్కడ దేవుడు లేడని నిరూపించి, దాచుకున్నది తీసుకొని దిగాను. మూఢనమ్మకాన్ని కొట్టేముందు దాని వెనక ఎవరు తలదాచుకున్నారో చూడాలి. వాళ్లకు వేరే నీడ చూపించాకే కొట్టాలి. సంస్కర్తలమని చెప్పుకునే వాళ్లం ఈ వరస తప్పితే, యజమానుల పని సులువు చేసిపెట్టే వాళ్లమవుతాం.

"అమాస నీదే" అన్నాను.

"మొగులయ్యకు గూడ" అన్నాడు సాయిలు.

"మొగులయ్యకు కూడా."

సగం షట్టరు

ఇద్దరూ వచ్చారు. దుకాణం ముందు బోర్డు రాయించాను: 'ప్రతి అమావాస్యకు సెలవు. పనివాళ్ల విశ్రాంతి కోసం.'

నారాయణ సేటు కూడబలుక్కుంటూ చదివాడు. "మొదటి ముక్క చాలు గద సారూ. గ రెండోది ఎందుకు?"

"ఉండనియ్ సేటూ, సారుకు గదే దేవుడు" అన్నాడు సాయిలు లోపలినుంచి.

మాట ఇవ్వడం తేలిక. నిలబెట్టుకునే రోజు ఒకటి వస్తుంది. నాకది మరుసటి యాసంగిలో వచ్చింది. అమాస పొద్దున నేను దుకాణంలో సామాను సర్దుకుంటున్నాను. షట్టరు సగం దించి ఉంది. దాని కింద నుంచి గంగారెడ్డి తల వంచి లోపలికొచ్చాడు. బయట ట్రాక్టరులో మోటరు.

"సారూ, మళ్ల కాలింది. వరి పొట్టమీదున్నది."

"ఇవ్వాళ సెలవు పటేలా. బోర్డు చూడలేదా?"

"గది ఆళ్లకు! నువ్వు నమ్మవు గద అమాసను? షట్టర్ లేపు. సాయిలు ఇల్లు నాకెరుకే, పోయి బండి మీద తోల్కొస్త."

"నిరుడు నువ్వే గదా, అమాస నాడు చుట్టిన మోటరని ఊరంతా చెప్పింది?"

"వరి ఎండేటోనికి అమాస యాదికుంటదా సారూ?"

ఆయన ఎండిపోయిన రెండు మడులు నాకూ గుర్తున్నాయి. పొమ్మనలేను. సాయిలును పిలవలేను. పిలిస్తే వస్తాడేమో కూడా. అందుకే పిలవకూడదు. ఆ నిమిషంలో నాకొకటి తెలిసింది. పనివాడికి సెలవివ్వడమంటే బోర్డు రాయించడం కాదు. ఆ రోజు పని యజమాని తన నెత్తిన వేసుకోవడం.

"మోటరు దింపు పటేలా. నేను చుడతా. నువ్వు అటు కూర్చో."

"నేనా?"

"తీగ అందుకొని వెనక్కి పంపాలె. అంతే. గట్టిగా గుంజొద్దు."

ఇద్దరం కూర్చున్నాం. ఆయన చేతులు నాగలి పట్టిన చేతులు, నావి కొన్నాళ్లుగా బోర్డులు రాయించిన చేతులు. ఒక్కో చుట్టుకు మామూలుగా పట్టేదానికి మూడింతలు పట్టింది. ఆయన ప్రతి చుట్టుకూ "గిదెన్నోది?" అని అడిగేవాడు. నేను మళ్లీ మొదటినుంచి వేళ్లతో తడుముకునేవాణ్ణి.

పదకొండు గంటలు దాటాక షట్టరు వెలుగులో రెండు జతల కాళ్లు ఆగాయి. సాయిలు వంగి చూశాడు. ఉతికిన తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల. వెనక లచ్చవ్వ, చేతిలో కొత్త చెప్పుల డబ్బా.

"ఏంది సారూ, పటేలును పనికి పెట్టుకున్నరా?" అన్నాడు.

"నీ జాగల" అన్నాడు గంగారెడ్డి. "జర చెయ్యి పెట్టు సాయిలూ. ఈ సారుతోని తెల్లారేటట్టు లేదు."

నేను తల ఎత్తలేదు. సాయిలు లోపలికి అడుగేస్తే వద్దనాలి. అంటానో లేదో నా మీద నాకే నమ్మకం లేదు. అలసిపోయి ఉన్నాను, వేళ్లు కోసుకుపోయాయి.

"ఇయ్యాల అమాస, పటేలా" అన్నాడు సాయిలు.

గడప మీద జేబురుమాలు పరిచి దాని మీద కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కాసేపు చూశాడు.

"ఎన్నోది సారూ?"

"ఇరవై ఏడు."

"ఇరవై ఆరే."

గాడిలో వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాను. ఇరవై ఆరే.

"ఇగ నడువుండ్రి, బస్సు పోతది" అంది లచ్చవ్వ. సాయిలు లేచాడు, జేబురుమాలు దులిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నిమ్మలంగ చుట్టుండ్రి సారూ. అంచుకు తగలనియ్యకుండ్రి" అని చెప్పి ఆమె వెనక నడిచిపోయాడు.

మేమిద్దరం పొద్దు వాలేదాకా చుట్టాం. ఆ మోటరు ఆ యాసంగి పంట చేతికొచ్చేదాకా ఆగకుండా నడిచింది. అమాస నాడు దాన్ని చుట్టింది తనేనని గంగారెడ్డి నాగిరెడ్డిపేట బస్సులో అందరికీ చెప్పుకున్నాడట.